పాలగుడ్డ, డ్రిప్పు, గోబర్ గ్యాస్

రేయ్ శీనూ,

ఫోన్లో చెప్తే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నా. ఇక్కడ అందరం బాగున్నాం. మామిడికి పూత బాగానే నిలబడింది.

పోయిన ఏడాది సోలార్ మోటారు బిగించామని చెప్పాను కదా. కరెంటు కోసం అర్ధరాత్రి లేచే పని తప్పిందని నాన్న ఎంత సంబరపడ్డాడో! కానీ ఎండ ఉన్నంతసేపు నీళ్ళు ఊరికే వస్తుంటే ఎవరు ఆపుతారు చెప్పు? పొద్దున వేస్తే సాయంత్రం దాకా కాలవలో పారుతూనే ఉండేది. మార్చి వచ్చేసరికి బోరు ఆగి ఆగి పోస్తోంది. నాకు నిద్ర పట్టలేదురా. కరెంటు మిగిలిందని మురిసిపోతూ భూమిలో నీళ్ళు తోడేస్తున్నాం. వెంటనే డ్రిప్పు వేయించాం. ఇప్పుడు చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 4 లీటర్లు. డ్రిప్పు లేకుండా సోలార్ మోటారు పెట్టొద్దని కనపడిన ప్రతివాడికీ చెప్తున్నా.

అసలు సంగతి ఇది కాదు. మన గోబర్ గ్యాస్ తొట్టి 2 ఘనపు మీటర్లది. రోజుకు 50 కిలోల పేడ, అన్నే నీళ్ళు కలిపి పోస్తాం. గ్యాస్ వంటకు పోగా, బయటికొచ్చే స్లర్రీని, అదే మిగిలిన పేడ నీళ్ళని, డ్రిప్పులోనే వదిలితే ఎరువు నేరుగా వేరు దగ్గరికి పోతుంది కదా అనిపించింది. వదిలాను. రెండో రోజుకే డ్రిప్పర్లన్నీ మూసుకుపోయాయి. ఒకటి పీకి చూస్తే కంత నిండా అరగని గడ్డి పీచు, పైన బంకలాంటి జిగురు. గుండుసూదితో పొడుచుకుంటూ రెండు రోజులు చెట్ల కిందే కూర్చున్నా.

అమ్మ వచ్చి చూసి, "పాలు వడగట్టినట్టు వడగట్టొచ్చు కదరా" అంది. అంతే! డ్రమ్ములో రెండ్రోజులు తేరనిచ్చి, పైన తేరిన నీళ్ళు మాత్రం పాలగుడ్డ రెండు మడతలేసి వడగట్టి, తర్వాత డ్రిప్పు ఫిల్టరులో పంపిస్తున్నాం. చివర్లో అరగంట మామూలు నీళ్ళు వదలాలి, అది మరిచిపోతే మళ్ళీ జిగురు పడుతుంది. నెలన్నరగా ఒక్కటీ మూసుకోలేదు. పాల పని తెలిసిన మనిషికి గానీ ఆ ఆలోచన రాదు.

తిరుమలలో అద్దాల గొడుగులు గుర్తున్నాయా? 2002లో 106 పెట్టారు. అవి పొద్దు వెంట తిరుగుతూ ఎండనంతా ఒకచోటికి చేర్చి నీళ్ళను ఆవిరి చేస్తే, ఆ ఆవిరి గొట్టాల్లో వంటశాలకు పోయి అన్నం ఉడికేది. మబ్బు పడితే పాత బాయిలరు అందుకునేది. మనం డ్రిప్పుకు పాలగుడ్డ తగిలించినట్టే, పాతదాన్ని తీసిపారేయకుండా కొత్తదాన్ని దానికే అతికించడం నాకు భలే నచ్చిందిరా.

ఇప్పుడు నీతో పని పడింది. సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తోతాపురి తొక్కలు గుట్టలుగా పడతాయి కదా, వాటిని మన తొట్టిలో వేసి చూడాలని ఉంది. పులుపు ఎక్కువైతే గ్యాస్ పడిపోతుంది, అందుకని పేడలో కొద్దికొద్దిగా కలపాలి. వచ్చే ఆదివారం తిరుపతి నుంచి వచ్చేటప్పుడు మీ ల్యాబ్ వాళ్ళనడిగి పులుపు ఎంతుందో చూసే పీహెచ్ పేపర్లు నాలుగు పట్టుకురా. అమ్మ రాగిసంగటి, ఊరిబిండి చేస్తానంటోంది.

నీ
రమణ