సాయిల్ మెకానిక్స్ చెప్పకుండానే ఖోస్లా థియరీ చెప్పేశారు సార్: విద్యాశాఖ మంత్రి గారికి ఓ సివిల్ స్టూడెంట్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలండి.

అర్జీలు పెట్టి పెట్టి విసుగొచ్చి ఇలా అందరికీ కనబడేలా రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు. సబ్జెక్టుల వరస తారుమారు చేశారని ముందు క్లాసంతా సంతకాలు పెట్టి హెచ్ఓడీ గారికి ఇచ్చాం, తర్వాత ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇచ్చాం, యూనివర్సిటీకి మెయిల్ పెట్టాం, ఆఖరికి సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళి లైన్లో నిలబడి కూడా ఇచ్చాం. ఆ కాగితం నాలుగు టేబుళ్ళు తిరిగి మేం ఎవరి మీద ఇచ్చామో ఆ కాలేజీకే వచ్చింది, వాళ్ళే విచారించుకుని వాళ్ళే సంతృప్తి పడి "మీ సమస్య పరిష్కరించబడినది" అని నా ఫోన్‌కి మెసేజ్ పంపించారు. మెసేజ్ వచ్చిన టైముకి నేను క్లాసులోనే ఉన్నానండి, పరిష్కరించబడిన సమస్య ఎదురుగా బోర్డు మీద రాసే ఉంది.

మాది అటానమస్ కాలేజీ. ఆర్23 రెగ్యులేషన్, 160 క్రెడిట్లు, ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లు, స్కిల్ కోర్సులు, ఆనర్స్, మైనర్ ఇవన్నీ మీకు తెలిసినవే, కాబట్టి మళ్ళీ చెప్పి మీ టైం తినను. కోర్స్ స్ట్రక్చర్ పుస్తకం తెరిచి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అటానమస్ అంటే అవసరానికి తగ్గట్టు సిలబస్ మార్చుకునే స్వేచ్ఛ అని అడ్మిషన్ రోజు మాకూ మా నాన్నకీ చాలా గొప్పగా చెప్పారు. స్వేచ్ఛ ఉన్నమాట నిజమేనండి, ఏ సెమ్‌లో ఏ లెక్చరర్ ఖాళీగా ఉంటే ఆయన చెప్పగలిగిన సబ్జెక్టుని ఆ సెమ్‌లోకి జరిపేసుకునే స్వేచ్ఛ. బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగ్ పెడతారు, మినిట్స్ రాస్తారు, అయిపోతుంది.

ఇప్పుడు మా బ్యాచ్‌కి జరిగింది వినండి. జియోటెక్, అంటే మట్టీ పునాదుల సబ్జెక్టులు, చెప్పే మేడం మానేశారు, జీతం సరిగ్గా పడక మానేశారని అందరూ అంటారు, అది నాకు అనవసరం. ఆవిడ ప్లేసులో ఎవరూ దొరక్క 3-1లో, అంటే మూడో సంవత్సరం మొదటి సెమ్‌లో, ఉండాల్సిన సాయిల్ మెకానిక్స్‌ని రెండో సెమ్ 3-2కి తోసేశారు. ఖాళీ అయిన చోట్లోకి నీటి పారుదల కట్టడాల సబ్జెక్టుని ముందుకు లాగారు. కాగితం మీద చూస్తే మూడు క్రెడిట్లు తీసి మూడు క్రెడిట్లు పెట్టారు, లెక్క సరిపోయింది. కానీ ఆ సబ్జెక్టులో బ్లై థియరీ, ఖోస్లా థియరీ ఉంటాయండి. బ్యారేజీ కింద ఇసుకలోంచి నీళ్ళు ఎలా ఊరతాయి, దిగువన పైకి తన్నుకొచ్చే చోట ఇసుకని లేపుకుపోకుండా షీట్ పైల్ (నేలలోకి దించే ఇనప పలకల గోడ) ఎంత లోతుకి దించాలి, ఇదీ ఇంజనీర్ ఖోస్లా 1936లో తేల్చిన విషయం. ఇది అర్థం కావాలంటే ముందు మట్టిలో నీళ్ళు ఎలా నడుస్తాయో తెలియాలి, డార్సీ లా తెలియాలి, ఫ్లో నెట్ గియ్యడం రావాలి, క్రిటికల్ హైడ్రాలిక్ గ్రేడియంట్, అదే నీటి తోపుకి ఇసుక తేలిపోయే హద్దు, అంటే ఏంటో తెలియాలి. అవన్నీ ఎక్కడుంటాయి? సాయిల్ మెకానిక్స్‌లో. అదెప్పుడు? నెక్స్ట్ సెమ్.

సన్న ఇసుకకి సేఫ్ ఎగ్జిట్ గ్రేడియంట్ (నీళ్ళు బయటికొచ్చే చోట ఇసుక లేవకుండా ఉండే హద్దు) 1/6 నుంచి 1/7 అని సార్ డిక్టేట్ చేశారు, మేం రాసుకున్నాం. ఎందుకు అంత అని వెనక బెంచీలోంచి ఒకడు అడిగితే "అది 3-2లో వస్తుందిరా, ఇప్పటికి బైహార్ట్ చేసెయ్" అన్నారు. ఆయన్ని అని లాభం లేదు, ఆయన ఎంటెక్‌లో చదివింది రోడ్లు, ఆయన్ని తీసుకొచ్చి బ్యారేజీల మీద నిలబెట్టారు, పాపం రాత్రి చదువుకుని పొద్దున్న చెప్తున్నారు. నేను ఈసెట్‌లో వచ్చినోణ్ణి, డిప్లొమాలో సాయిల్ కాస్త చదివాను కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చా. ఇంటర్ నుంచి వచ్చిన ఫ్రెండ్స్‌కి మాత్రం అది తలా తోకా లేని ఫార్ములా. సెమిస్టర్ ఎగ్జామ్‌లో కర్వ్ చూసి విలువ తీసి పెట్టేశారు, మార్కులు కూడా బానే వచ్చాయి. పాస్ పర్సంటేజీ చూపించి "ఏం ప్రాబ్లం లేదుగా" అంటున్నారు ఇప్పుడు.

ప్రాబ్లం ఏంటో నేను చెప్పక్కర్లేదండి, మన గోదావరే చెప్తుంది. పైన మేడిగడ్డలో 2023 అక్టోబర్‌లో బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగితే నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ వాళ్ళు ఇచ్చిన రిపోర్టులో చెప్పిన కారణాల్లో ర్యాఫ్ట్ (పునాది కాంక్రీట్ పలక) కింద ఇసుక కొట్టుకుపోవడం ఒకటి, దాన్నే పైపింగ్ అంటారు. కింద పోలవరంలో డయాఫ్రం వాల్ వరదలకి దెబ్బతింటే 2025 జనవరిలో మళ్ళీ కొత్త గోడ కట్టడం మొదలెట్టారు, ఆ గోడ పనే డ్యామ్ కింద ఊటని ఆపడం. ఇంకా కిందకొస్తే ధవళేశ్వరం, ఇసుక మీద కూర్చున్న కట్టడం. మొత్తం నది పొడుగునా ఉన్నది ఒక్కటే చాప్టర్ సార్, ఆ చాప్టర్నే మాకు తల్లకిందులుగా చెప్పారు. మీరు మీటింగుల్లో రాష్ట్రానికి ఇంజనీర్లు కావాలి, అమరావతికి కావాలి, పోలవరానికి కావాలి అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

ఇదొక్కటే అయితే ఊరుకుందుం. స్ట్రక్చరల్ అనాలసిస్, ఆర్‌సీసీ డిజైన్ రెండూ ఒకే సెమ్‌లో పడేశారు. ఆర్‌సీసీ సార్ ఆగస్టులో కంటిన్యూయస్ స్లాబ్ (వరసగా చాలా సపోర్టుల మీద సాగే స్లాబ్) మొదలుపెట్టేశారు, అనాలసిస్‌లో అందుకు కావాల్సిన మొమెంట్ డిస్ట్రిబ్యూషన్, అంటే ఎక్కడ ఎంత వంపు పడుతుందో కట్టే లెక్క, వచ్చేసరికి సెకండ్ మిడ్ దగ్గర పడింది. మరి మధ్యలో ఏం చేశాం అంటారా, కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456లో టేబుల్ 12 ఉంది కదండి, అందులో కోఎఫిషియెంట్లు తీసి వేసేశాం. ఎండ్ స్పాన్ మధ్యలో 1/12, దాని పక్క సపోర్టు దగ్గర మైనస్ 1/10. మైనస్ అంటే అక్కడ స్లాబ్ పైవైపు సాగుతుంది, రాడ్డు పైన పడాలి అని. ఆ మైనస్ ఎక్కడినుంచి వచ్చిందో మూడు నెలలు ఎవరికీ తెలీదు. మా నాన్న తాపీ మేస్త్రీ అండి. బాల్కనీ స్లాబ్‌కి రాడ్డు పైవైపు కట్టాలని ఆయనకి నేను పుట్టకముందు నుంచీ తెలుసు, ఎందుకు అని మాత్రం ఎవరూ చెప్పలేదు, కొడుకు చెప్తాడని చదివిస్తున్నాడు. కొడుకు టేబుల్ 12 చూసుకో నాన్నా అని చెప్పాలా?

ఇక ఎలక్టివ్‌ల సంగతి. పుస్తకంలో ఒక్కో ఎలక్టివ్ కింద నాలుగైదు పేర్లుంటాయి. గ్రౌండ్ ఇంప్రూవ్‌మెంట్, ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్, రిమోట్ సెన్సింగ్ జీఐఎస్, పాత కట్టడాల రిపేర్లు, ఎర్త్‌క్వేక్ ఇంజనీరింగ్, వాటర్‌షెడ్ మేనేజ్‌మెంట్, చదువుతుంటేనే కడుపు నిండుతుంది. మా చేతికి ఆప్షన్ ఫారం వచ్చే రోజున క్లాస్‌కి సీనియర్ సార్ వచ్చి "అందరూ రెండోది టిక్ పెట్టండి" అంటారు. ఒక్కడే నామినేషన్ వేసిన సర్పంచ్ ఎలక్షన్‌లాగా ఏకగ్రీవం అన్నమాట. ఓసారి మేం కొందరం కావాలని జీఐఎస్, అంటే కంప్యూటర్ మ్యాపుల సబ్జెక్టు, టిక్ పెట్టాం. ఎందుకంటే ఊళ్ళల్లో భూముల రీసర్వే డ్రోన్లతో రోవర్లతో జరుగుతుంటే చూస్తున్నాం, మా ల్యాబ్‌లో మాత్రం ఉన్న ఒక్క టోటల్ స్టేషన్ (సర్వే యంత్రం)‌ని బ్యాచ్ మొత్తం చుట్టూ నిలబడి చూడాలి, ముట్టుకునే అదృష్టం ముందున్న ఇద్దరికే. కనీసం థియరీ అయినా నేర్చుకుందాం అనుకున్నాం. సాయంత్రానికి మా ఫారాలు తిరిగొచ్చాయి, "మినిమం స్ట్రెంత్ లేదు, మార్చి ఇవ్వండి" అని. మినిమం ఎంతమంది కావాలి అని అడిగితే ఒకరు ముప్పై అన్నారు, ఇంకొకరు క్లాసులో సగం అన్నారు, కాగితం మీద ఎక్కడుందో చూపించమంటే మీకు మాట్లాడ్డం ఎక్కువైంది అన్నారు. అదే సివిల్ వాళ్ళకి సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మైనర్ కావాలంటే మాత్రం ఎప్పుడూ రెడీ, స్టాఫ్ ఫుల్లు, స్ట్రెంత్ రూలు లేదు. 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఇన్నే సీట్లుండాలన్న హద్దుని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) ఎత్తేశాక మా డిపార్ట్‌మెంట్ క్లాస్‌రూములు కూడా ఒక్కోటీ అటే వెళ్తున్నాయి, డ్రాయింగ్ హాల్లో ఇప్పుడు కంప్యూటర్లు పెట్టారు.

పోనీ స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సు చేసుకుంటాం, ఐఐటీ సార్లు పన్నెండు వారాలు చక్కగా చెప్తారు, దాని క్రెడిట్లు ఇవ్వండి అంటే "పర్మిషన్ లిస్టులో లేదు" అంటారు. ఆ లిస్టు సెమ్ మొదలయ్యాక వేస్తారు, అప్పటికి అక్కడ ఎన్‌రోల్‌మెంట్ క్లోజ్. ప్లానింగ్ అంటే ఇదేనా సార్?

క్యాలెండర్ చూస్తే ఎనిమిది వారాలు, మిడ్, మళ్ళీ ఎనిమిది వారాలు, మిడ్, ప్రాక్టికల్స్, ఎగ్జామ్స్ అని అద్దంలా ఉంటుంది. తీరా చూస్తే సెమ్ లేటుగా మొదలవుతుంది, మధ్యలో ఫెస్టు, మధ్యలో ఎవరో గెస్ట్ లెక్చర్, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అని సాయంత్రం ల్యాబులు ఎగరగొట్టి అందరినీ ఆడిటోరియంలో కూర్చోబెడతారు, సాఫ్ట్‌వేర్ కంపెనీల ఆప్టిట్యూడ్ అది. వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి అని వదిలిన వారాల్లోకి ఎగ్జామ్స్ జరిగిపోతాయి. అయినా ఇంటర్న్‌షిప్ రిపోర్ట్ మాత్రం డేటుకి ఇవ్వాలి, క్రెడిట్లు ఉన్నాయి మరి. సైటుకెళ్ళి పనిచెయ్యడానికి టైం లేనప్పుడు పిల్లలు ఏం చేస్తారు, ఆన్‌లైన్‌లో డబ్బు కడితే వారంలో పీడీఎఫ్ పంపేవాళ్ళు బోలెడుమంది. మా క్లాసులో సివిల్ చదివేవాళ్ళకి వెబ్ డెవలప్‌మెంట్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు ఉన్నాయండి, కాలేజీ వాటికి పూర్తి మార్కులు వేసింది. నేను మా నాన్న పనిచేసే సైటులో నిజంగా సెంట్రింగ్ నుంచి క్యూరింగ్ దాకా ఉండి డైరీ రాస్తే లెటర్‌హెడ్ లేదని వెనక్కి ఇచ్చారు. లెటర్‌హెడ్ ఉంటే చాలన్నమాట, సైటు లేకపోయినా పర్లేదు.

చివరి సెమ్ మొత్తం ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు అని ఖాళీ చేయడం మంచిదే, నేను కాదనను. కానీ అందుకని సబ్జెక్టులన్నీ తీసుకొచ్చి మూడో సంవత్సరంలో కుక్కితే ఫిబ్రవరిలో గేట్ రాసేవాడి పరిస్థితి ఏంటి, ఏఈఈ (ప్రభుత్వ ఇంజనీర్) ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యేవాడి పరిస్థితి ఏంటి. ఎస్టిమేషన్ (కట్టడానికి ఎంత ఖర్చవుతుందో కట్టే లెక్క) లాంటి సబ్జెక్టు, బయటికెళ్తే మొదటి రోజే పనికొచ్చేది, "మీరే చదువుకోండి, ఈజీనే" అని వదిలేశారు. ఈసెట్ వాళ్ళం అయితే మరీ, ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ లేకుండా నేరుగా సెకండ్ ఇయర్‌లో పడతాం, బ్రిడ్జ్ క్లాసులు పెడతాం అన్నారు, ఇంకా పెడుతూనే ఉన్నారు.

ఇరవై మంది స్టూడెంట్లకి ఒక లెక్చరర్ ఉండాలని ఏఐసీటీఈ రూలు. ఇన్‌స్పెక్షన్ రోజున మీరొచ్చి చూడండి, మా డిపార్ట్‌మెంట్‌లో ఆ లెక్కకి మించి ఉంటారు. గదుల తలుపుల మీద మేం ఎప్పుడూ చూడని పేర్లుంటాయి, ఆ రోజు కారిడార్లో వాళ్ళకి గుడ్ మార్నింగ్ చెప్పాలని మాకు ముందే చెప్తారు. జియోటెక్ స్పెషలైజేషన్ ఉన్నాయన కూడా ఆ రోజు కనిపించారండి, తలుపు మీద పేరుతో సహా. మర్నాటి నుంచి ఆ గదికి తాళం.

ఇప్పుడు మేం అడిగేది ఏంటంటే, సార్, మీరు కొత్త స్కీములు ఏమీ పెట్టొద్దు. దయచేసి పెట్టొద్దు, ఇంకో రెగ్యులేషన్ వస్తే మళ్ళీ సబ్జెక్టుల పేర్లు మారి బ్యాక్‌లాగ్ ఉన్నోడికి సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టు వెతుక్కోవడమే సరిపోతుంది. ఉన్నదాన్నే వరసలో పెట్టించండి. దేనికి ముందు ఏది చదవాలో ప్రతి సబ్జెక్టు సిలబస్ పైనా ప్రీరిక్విజిట్ అని ఒక లైను ఉంటుంది, అది ప్రింటింగ్‌కి తప్ప పనికిరావట్లేదు, ఆ లైను దాటి సబ్జెక్టులు జరిపితే అటానమస్ కాలేజీనైనా సరే ఎందుకు జరిపారని అడిగేవాడు ఒకడుండాలి. సాయిల్ చెప్పేవాళ్ళు మా దగ్గర లేకపోతే పక్క కాలేజీలో ఉన్నారు, బస్సులో అరగంట దూరం, వారానికి రెండ్రోజులు వాళ్ళని పంపించలేరా, లేదా మమ్మల్ని అక్కడికి పంపించలేరా. ఎలక్టివ్ ఫారం ఇచ్చే ముందు ఏది ఎవరు చెప్తారో పేరుతో రాసి ఇమ్మనండి. వెళ్ళిపోయిన సెమ్‌ని ఎలాగూ వెనక్కి తేలేరు, కనీసం మాకు ఈ సెమ్‌లో సాయిల్ అయ్యాక ఆ ఊట చాప్టర్ ఒక్కటైనా మళ్ళీ చెప్పించండి, మార్కులు అక్కర్లేదు, క్రెడిట్లు అక్కర్లేదు, శనివారం మధ్యాహ్నం పెట్టినా వస్తాం.

ఈ లేఖ కూడా మా కాలేజీకే ఫార్వర్డ్ చేస్తారేమో, చెయ్యొద్దని చేతులెత్తి దండం పెడుతున్నా. చేసి తీరాలనుకుంటే పరిష్కరించబడినది అనే మెసేజ్ మాత్రం పంపించకండి. నాలుగో సంవత్సరం ఎలక్టివ్ ఫారాలు త్వరలోనే మా చేతికొస్తాయి, ఈసారైనా అందులో నిజంగా టిక్ పెట్టుకోగలిగే పేర్లు రెండుండేలా చూడండి సార్.

ఇట్లు,
సివిల్ మూడో సంవత్సరం, ఈసెట్ బ్యాచ్ స్టూడెంట్
(పేరు రాస్తే ఇంటర్నల్స్ పోతాయండి, అందుకే రాయట్లేదు)