నా రికార్డింగులు వెనక్కి తెచ్చిన పెద్దాయనకు

మొరాయించిన లాప్‌టాప్‌లోని నా ఫైళ్లన్నీ దొరికాయి. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. ఇన్నాళ్లూ ఎంతోమంది అడుగుతూనే ఉన్నారు, ఎవరికీ సరిగా జవాబివ్వలేకపోయాను. కళ్లు మూతలు పడుతున్నాయి, రాసేది అటూ ఇటూ అయితే మన్నించండి. నిద్రపోయి లేచాక రాద్దామంటే మనసు ఒప్పుకోవడం లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఏదో అప్‌డేట్ మధ్యలో లాప్‌టాప్ ఆగిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఆన్ చేసినా ‘ఆటోమేటిక్ రిపేర్’ అని వచ్చి మళ్లీ మొదటికే. నా పీహెచ్‌డీ ఆఖరి అధ్యాయం అందులో ఉంది. దానికోసం పెద్దవాళ్ల దగ్గర కూర్చుని రికార్డు చేసుకున్న మాటలు ఉన్నాయి. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు, మళ్లీ వెళ్లి అడగడానికి.

పాత లాప్‌టాప్‌ను గట్టెక్కించిన రిపేర్ డీవీడీ ఇంట్లో ఉంది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించి అది పెడితే బూట్ మెనూలో (లాప్‌టాప్ దేనితో మొదలవ్వాలో ఎంచుకునే జాబితాలో) దాని పేరే రాలేదు. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ పెడితే అది తెరుచుకుంది గానీ, లోపల డిస్కే (ఎస్‌ఎస్‌డీ) లేదంది. సర్వీస్ సెంటర్‌లో కూడా అదే చూసి, ‘ఎస్‌ఎస్‌డీ పోయింది, కొత్తది వేస్తాం, డేటా మా బాధ్యత కాదు’ అని సంతకం పెట్టమన్నారు. పెట్టకుండా వచ్చేశాను.

అప్పుడు ఫోన్‌లో దొరికారు ఆయన. ఒక స్నేహితురాలి పాత ఆఫీసులో ఎప్పుడో పనిచేసి రిటైరైన మనిషి. నేనెవరో ఆయనకు తెలియదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

అప్పటిదాకా ఎవరికి చెప్పుకున్నా మొదటి ప్రశ్న ‘బ్యాకప్ లేదా?’ అనే. ఆయన అది అడగలేదు. చివరిదాకా అడగలేదు. “అందులో ఏమున్నాయమ్మా?” అన్నారు. చెప్పాను. కాసేపాగి, “అయితే రిపేరు సంగతి తర్వాత. ముందు ఆ గొంతులు బయటికి తీద్దాం” అన్నారు. తర్వాత బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) తెరిచి డిస్క్ పేరు కనిపిస్తోందేమో చూడమన్నారు. పేరు ఉంది, సైజు కూడా ఉంది. “అయితే పోలేదమ్మా, ఆ పెన్‌డ్రైవ్‌కు కనబడటం లేదంతే” అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఊపిరి ఆడింది.

ఆయన ఓపిగ్గా చెప్పినదంతా ఇక్కడ పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. ఇప్పుడు వచ్చే చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ తనను నిర్వహించే ‘వీఎండీ’ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) లేని విండోస్ పెన్‌డ్రైవ్‌కు డిస్క్ ఉన్నట్టే తెలియదు. బయాస్‌లో వీఎండీ ఆఫ్ చేసేయమని వీడియోల్లో చెబుతారు, కానీ అది ఆన్‌లో ఉండగా వేసిన విండోస్ ఆ తర్వాత బ్లూ స్క్రీన్‌తో ఆగిపోవచ్చు, కాబట్టి దాని జోలికి వెళ్లొద్దన్నారు. ఇక డీవీడీ ఎందుకు రాలేదంటే, అది పాత బయాస్ పద్ధతిలో బూట్ అయ్యే రకం. చాలా కొత్త మెషీన్లు దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ పద్ధతి ఒక్కటే ఒప్పుకుంటున్నాయి. 2020 కల్లా ఆ పాత పద్ధతిని తీసేస్తామని ఇంటెల్ 2017లోనే ప్రకటించిందట.

ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ చేయించారు, అంటే లాప్‌టాప్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) ఆఫ్ చేయకుండానే అది బూట్ అవుతుంది, వీఎండీ డ్రైవర్ కూడా లినక్స్ కెర్నెల్‌లోనే (దాని మూల భాగంలోనే) ఉంటుంది. డిస్క్ కనిపించింది! తెరవబోతే బిట్‌లాకర్ తాళం, అంటే కీ లేనిదే డిస్క్ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఏర్పాటు. నాకు తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండొచ్చన్నారు, ఫోన్‌లో లాగిన్ అయి చూస్తే ఉంది. 48 అంకెలు. చదివి వినిపించబోతే ఆయనే ఆపారు. “నాకు చెప్పొద్దమ్మా. అది మీ ఇంటి తాళంచెవి లాంటిది. మీరే కొట్టుకోండి, నేను లైన్‌లో ఉంటాను.”

ఉన్నారు. వణికే చేతులతో నేను ఆ అంకెలు కొడుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడకుండా, తొందర పెట్టకుండా ఉన్నారు. ఫోల్డర్లు తెరుచుకున్నాయని చెబితే, పేర్లు కనిపిస్తే చాలదు, ఒకటి తెరిచి వినమన్నారు. విన్నాను. పోయిన ఏడాది కాలం చేసిన అవ్వ గొంతు. నాకు ఏడుపు ఆగలేదు. ముక్కూ ముఖం తెలియని మనిషి ముందు అంతలా ఏడ్చాను. ఏమీ అనలేదాయన. నేను తేరుకున్నాక, “కాపీ అయ్యేదాకా ఛార్జర్ తీయకండమ్మా” అని మాత్రం అన్నారు.

అంతా బయటి హార్డ్ డిస్క్‌లోకి వచ్చాకే రిపేరు మొదలుపెట్టనిచ్చారు. అప్పటిదాకా చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే పరికరం) కూడా వద్దన్నారు, సరిచేసేటప్పుడు అది డిస్క్ మీద రాస్తుంది కాబట్టి. విండోస్ పెన్‌డ్రైవ్‌లో వీఎండీ డ్రైవర్ లోడ్ చేసి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు మళ్లీ రాయించారు. లాప్‌టాప్ మామూలుగా తెరుచుకుంది. పోయిందన్న ఎస్‌ఎస్‌డీతోనే ఇప్పుడు ఇది టైప్ చేస్తున్నాను.

సార్, మీరు డబ్బు తీసుకోలేదు, కనీసం పేరు కూడా రాయనివ్వలేదు. ఈ థీసిస్ ఎప్పుడు అచ్చయినా అందులో మీ వాటా ఉంది.

ఒక్క విషయం మాత్రం మింగుడు పడటం లేదు. బయాస్‌లో డిస్క్ పేరు చూడటానికి ఒక్క నిమిషం చాలు. సర్వీస్ సెంటర్ వాళ్లు ఆ నిమిషం కూడా పెట్టకుండా, ఎస్‌ఎస్‌డీ పోయిందని చెప్పేస్తే ఎలా? ఎంతమంది ఆ మాట నమ్మి సంతకం పెట్టి, అన్నీ పోగొట్టుకుని ఉంటారు? ఎన్‌క్రిప్షన్ మంచిదే, లాప్‌టాప్ దొంగ చేతిలో పడితే కాపాడేది అదే. కానీ తాళం వేసినట్టు, తాళంచెవి ఎక్కడుందో కొన్న రోజే మనిషికి చెప్పాలి కదా! ఒకప్పుడు లాప్‌టాప్ పెట్టెలో రికవరీ డిస్క్ వచ్చేది, ఇప్పుడు అదీ లేదు. బూట్ మెనూ తెరిచే కీ కూడా ఒక్కో కంపెనీకి ఒక్కోటి. ఒకరిది ఎఫ్12, ఇంకొకరిది ఎఫ్9, మరొకరిది ఎస్కేప్.

మావారికి, అత్తయ్యకు, చెల్లికి థ్యాంక్స్, మీరు లేకపోతే ఏదీ లేదని మీకు తెలుసు.

అయ్యో, నంబర్ ఇచ్చిన స్నేహితురాలిని సరిగా తలచుకోనే లేదు. నువ్వు ఆ రాత్రి ఆయనకు ముందుగా ఫోన్ చేసి చెప్పకపోతే నేను చేసేదాన్నే కాదు. పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవడానికి తన కంప్యూటర్ ఇచ్చి, మూసే వేళ దాటినా కూర్చున్న లైబ్రరీ అసిస్టెంట్ గారికి కూడా. హార్డ్ డిస్క్ ఖాళీ చేసి ఇచ్చిన ల్యాబ్ జూనియర్‌కు కూడా. తమ్ముడూ, అది ఇంకా నా దగ్గరే ఉంది, రెండో కాపీ అవగానే తెచ్చిస్తాను.