ఒక్కో చేనుకు ఒక్కో పటం గీయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మాది శ్రీ సత్యసాయి జిల్లా, కదిరి ప్రాంతం. నాకు నాలుగెకరాల మెట్ట ఉంది. సర్వే నంబరు ఒకటే గానీ నేల మూడు రకాలు. పైన గుట్ట వైపు ఎకరం గరుసు, గడ్డపార వేస్తే రాయి తగిలి చెయ్యి జిల్లుమంటుంది. మధ్యలో రెండెకరాలు ఎర్రనేల, ఏళ్ల తరబడి వేరుశనగే వేస్తున్నాం. కింద వంక పక్కన ఉన్న ఎకరంలో వాన వెలిసి వారమైనా కాలు దిగబడుతుంది. మా వైపు రైతుల్లో చాలామంది చేలు ఇంతే. అందుకే ఒక్కో చేనుకు ఒక పటం గీసి, పథకాల పనులన్నీ దాని ప్రకారమే చేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట ఒక పథకం కింద నా చేన్లో పంటకుంట తవ్వుతామన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. తవ్వింది మాత్రం పై మూలన. మార్చి ఆఖరులోగా లెక్క పూర్తి కావాలి, అక్కడైతే పంట లేదు, పని తొందరగా అవుతుంది అన్నారు. "నీళ్లు ఇటు రావప్పా, గుట్ట నీళ్లన్నీ బాట పట్టుకుని వంకలోకి దిగిపోతాయి" అని చెప్పాను. "కొలతలు రాసి పంపేశాం చిన్నాయనా, ఇప్పుడు మార్చడానికి లేదు" అన్నాడు పని చూసే పిల్లోడు. వాడి తప్పేమీ లేదు, వాడికి అప్పజెప్పిన పని అదే. ఈ ఆరేళ్లలో ఆ కుంట నిండింది లేదు. తుపాను వానకు అడుగున మోకాలెత్తు నీళ్లు నిలుస్తాయి, అవీ నాలుగు రోజులకు ఇంకిపోతాయి. దిగువన మాత్రం ఎర్రనీళ్లు చేనును కోసుకుంటూ పోతూనే ఉన్నాయి.

మా పక్క చేను ఆయనది ఇంకో బాధ. మామిడి తోటకని డ్రిప్పు మంజూరైంది, పైపులొచ్చాయి. గుంతలు తవ్వి మొక్కలు పెట్టాల్సింది వేరే పథకం. అది ఆ ఏడు అదును దాటిపోయింది, మరుసటి ఏడు జాబితాలో పేరు రాలేదు. మొక్కలు వచ్చేసరికి పశువుల కొట్టంలో చుట్టలు చుట్టి పెట్టిన పైపులను ఎలుకలు కొరికేశాయి. చుట్ట విప్పి చూస్తే మూరకో చిల్లు. రెండు పథకాలూ మంచివే. ఏది ముందు, ఏది వెనక అని చూసే మనిషి లేకపోవడం వల్ల ఆ రైతు నష్టపోయాడు.

మా పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. అదీ నెమ్మదిగా పడదు, నాలుగైదు పెద్ద వానల్లోనే చాలావరకు వచ్చేస్తుంది. ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 40 వేల లీటర్లు. నా నాలుగెకరాల మీద ఒక్క పూట 20 మిల్లీమీటర్లు కొడితే 3 లక్షల 20 వేల లీటర్లు. అందులో సగం పారిపోయినా లక్షా 60 వేలు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు కుంటలో నిలువు గోడలైనా పట్టేది 2 లక్షల లీటర్లే, వాలు గోడలైతే ఇంకా తక్కువ. అంటే సరైన చోట తవ్వి ఉంటే నా కుంట ఒక్క వానకే దాదాపు నిండేది.

ఇంకో సంగతి ఉంది, ఇది ఆఫీసుల్లో ఎవరూ మాట్లాడరు. పైన గరుసు నేలలో కందకాలు ఎంత ఎక్కువ తవ్వితే కింది కుంటకు నీళ్లు అంత తగ్గుతాయి. కందకాలు తవ్వేవాళ్లు కందకాల లెక్క చూసుకుంటారు, కుంట తవ్వేవాళ్లు కుంట లెక్క చూసుకుంటారు. ఎక్కడ ఇంకించాలి, ఎక్కడ నిలపాలి, ఎంత వదిలిపెట్టాలి అన్నది రెండూ కలిపి చూస్తేనే తేలుతుంది. నా చేన్లోనైతే పైన గరుసులో కందకాలు తవ్వి సీతాఫలమో చింతో పెట్టాలి, అక్కడ మామిడి బతకదు. మధ్య ఎర్రనేలలో వాలుకు అడ్డంగా గట్లు వేసి, గట్ల మీద పచ్చిరొట్టనిచ్చే గ్లైరిసీడియా చెట్లు పెంచితే రొట్ట మళ్లీ చేనుకే పనికొస్తుంది. కుంట కింది ఎకరం మొదట్లో ఉండాలి. అది నిండాకే మొక్కలు, డ్రిప్పు.

ఇప్పుడున్న పథకాలతోనే ఇవన్నీ చేయొచ్చు. కందకాలు, గట్లు, కుంటలు, పండ్ల మొక్కల గుంతలు ఉపాధి పనుల్లో ఉన్నవే. డ్రిప్పుకు 2003 నుంచి సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు ఉంది. 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం నడుస్తోంది. మా ఇంటావిడ పొదుపు సంఘం ద్వారా నవధాన్యాల విత్తనాలు తెచ్చి, ఆవు పేడతో చేసే ఘన జీవామృతం, బంకమట్టి, బూడిద పట్టించి, తొలకరికి ముందే ఎండు దుక్కిలో చల్లింది. వేసవిలో పడ్డ ఒక్క జల్లుకే మొలకలు లేచి నేల మీద పచ్చగా కమ్ముకున్నాయి. ఆ మడిలో వాన నీళ్లు ఎర్రగా పారలేదు, అది నేను కళ్లారా చూశాను. అలాంటి మడికి ఎగువన గట్టు కూడా ఉంటే ఎంత బాగుండేదో! కానీ గట్టు వేసే ఆఫీసు వేరు, విత్తనాలిచ్చేవాళ్లు వేరు. ప్రతి చోటా మళ్లీ పాసుపుస్తకం, వన్‌బీ అనే భూమి రికార్డు, ఆధార్ జిరాక్సులు. కౌలు రైతుకైతే ఆ కాగితాలు కూడా ఉండవు. ఏడాదికో చేను మారేవాడు గట్టు ఎవరి కోసం వేస్తాడు?

కలిపి చూడటం కొత్త ఆలోచనేం కాదు. వాటర్‌షెడ్ పనులను, అంటే ఒక వాలు మీద పడే వాన నీటినీ మట్టినీ కాపాడే పనులను, ఊరివాళ్ల చేతికే ఇవ్వాలని 1994లో కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ చెప్పింది. ఎగువ నుంచి దిగువకు పని చేసుకుంటూ రావాలన్నది వాటర్‌షెడ్‌లో పనిచేసిన ప్రతి మనిషికీ తెలిసిన మాట. మహారాష్ట్రలో ఇండో-జర్మన్ వాటర్‌షెడ్ కార్యక్రమంలో నెట్ ప్లానింగ్ అని ఒక పద్ధతి నడిపారు. సర్వే నంబరు వారీగా రైతునూ భార్యనూ వెంటబెట్టుకుని చేనంతా తిరిగి, నేల, వాలు, ఇప్పుడేముంది, ఏం కావాలి అన్నీ అక్కడే రాసుకుంటారు. భార్యను కూడా పిలవడం నాకు బాగా నచ్చింది. మా చేన్లో ఏ మూల ఎన్ని రోజులు తేమ ఉంటుందో కలుపు తీసే మా ఇంటావిడకు తెలిసినంత నాకు తెలియదు.

ప్రభుత్వాన్ని నేను కోరేది కొత్త డబ్బు కాదు. ప్రతి ఊళ్లో రైతు సేవా కేంద్రం సిబ్బందికి గానీ, ఊళ్లోనే చదువుకున్న పిల్లలకు గానీ శిక్షణ ఇచ్చి, ఒక్కో చేనుకు ఒక పూట కేటాయించి తిప్పండి. వాన పడిన మర్నాడు తిరిగితే ఇంకా మంచిది, నీళ్లు ఎటు పోయాయో నేలే చూపిస్తుంది. ఆ చేనుకు ఒక పటం, మూడేళ్లకు పనుల వరుస రాయండి. దాని మీద రైతు సంతకం ఉండాలి. ఆ తర్వాత ఏ శాఖ వచ్చినా ఆ పటం చూసి, తన వంతు పని అందులో ఉన్న చోటే, ఉన్న వరుసలోనే చేయాలి. గ్రామసభలో పెట్టే పనుల జాబితా కూడా ఆ పటాల నుంచే రావాలి. ఊరికి ఇన్ని కుంటలు అని పైనుంచి లెక్క పంపడం ఆపాలి. ఒక చేనుకు కుంటే అవసరం లేకపోవచ్చు, గట్టు సరిచేస్తే చాలొచ్చు.

నా చేను పటం మా అమ్మాయి నోటుపుస్తకం కాగితం మీద నేనే గీసుకున్నాను. నిండని కుంటను కూడా అందులో చూపించాను, దాని మట్టి తీసి కింది గట్టుకు వాడుకోవచ్చని పక్కన రాశాను. వచ్చే గ్రామసభకు దాన్ని తీసుకెళ్తున్నాను. అన్ని పథకాలనూ కలిపి చూసి, ఆ కాగితం మీద అవునో కాదో చెప్పే అధికారం ఎవరికి ఉందో ప్రభుత్వం ముందుగా ప్రకటించాలి.

ఇట్లు,
ఒక మెట్ట రైతు,
కదిరి ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా