మంత్రి గారూ, ముందు మమ్మల్ని ఆ ఎర్ర గడిలోంచి తీయించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. బడులనీ పిల్లలనీ మార్కుల్ని బట్టి విడదీసి అవమానించే పద్ధతి మీద ఇది నా నాలుగో ఉత్తరం. మొదటిది పై అధికారి ద్వారా పంపాను, ఎక్కడ ఆగిందో తెలియదు. రెండోది సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. పదకొండు రోజులకి 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అర్జీ పెట్టుకున్న నాకే తెలియలేదు. మూడోది రిజిస్టర్ పోస్టు. ఇక లాభం లేదని నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

శిక్షణకి పిలిచిన ప్రతిసారీ హెడ్మాస్టర్లకి చెప్పే మాట ఒకటుంది. పిల్లల మధ్య మార్కుల పోటీ పెట్టొద్దు, ఒకరితో ఒకర్ని పోల్చొద్దు, బడి వాతావరణం మార్చాల్సింది హెచ్ఎమ్మే అని. మంచి మాట. నేను నమ్మాను కూడా, అదే నేను చేసిన పొరపాటు.

జూన్‌లో బడి తెరవగానే నోటీసు బోర్డు మీది ర్యాంకుల జాబితా తీయించాను. మేం సొంతంగా పెట్టుకునే స్లిప్ టెస్టుల్లో మార్కులు వేయడం మానేసి, తప్పు దొర్లిన చోట గీత గీసి ఇచ్చాం. పక్కవాళ్లని అడిగి సరిచేసుకు రమ్మన్నాం. పదో తరగతిలో ఒక కుర్రాడున్నాడు. రెండేళ్లుగా లెక్కల్లో పది మార్కులు దాటలేదు. పక్క బెంచీ అమ్మాయి వాడి నోట్సు చూసి మా లెక్కల మాస్టారితో, "వీడికి లెక్క రాక కాదు సార్, అటు పంపినప్పుడు గుర్తు మార్చడం మర్చిపోతున్నాడు, అంతే" అంది. నిజమే. మైనస్ అలాగే అటు వెళ్లిపోతోంది, మిగతాదంతా సరిగ్గానే ఉంది. రెండేళ్లలో తనకి తట్టలేదని మాస్టారు స్టాఫ్ రూములో దాచుకోకుండా చెప్పాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ మధ్యాహ్న భోజనం అయ్యాక వేపచెట్టు కింద కూర్చుని లెక్కలు చేసేవాళ్లు.

అది నవంబరు దాకా. తర్వాత పైనుంచి ఆదేశం వచ్చింది. పిల్లల్ని మార్కుల ప్రకారం ఏ, బీ, సీ అని విడదీయాలి, విడిగా కూర్చోబెట్టాలి, జాబితా తరగతి గోడకి అంటించి ఫోటో పెట్టాలి. అమ్మాయి ఏ, వాడు సీ. వేర్వేరు గదులు. వేపచెట్టు కిందికి ఎందుకు రావడం లేదురా అంటే, "నేను సీ బ్యాచ్ కదా సార్" అన్నాడు, అదేదో వాడి ఇంటిపేరైనట్టు.

నేను జాబితా అంటించలేదు. వారం తిరక్కుండానే రివ్యూ మీటింగుకి పిలుపు వచ్చింది.

ఆ మీటింగు గురించి మీకు తెలిసే ఉంటుంది. స్క్రీన్ మీద ఎక్సెల్ షీటు, బడి పేరు, ఉత్తీర్ణతా శాతం, పక్కన రంగు. పచ్చ, పసుపు, ఎరుపు. పోయినసారి మా బడిలో 41 మంది రాస్తే 29 మంది పాసయ్యారు. 70.7 శాతం, ఎర్ర గడి. తప్పిన పన్నెండు మందిలో ఐదుగురు జనవరిలోనే అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరపకోతలకి వెళ్లిపోయినవాళ్లు. ఆ సంగతి రాయడానికి షీటులో గడి లేదు. "ఎరుపులో ఉన్నవాళ్లు లేవండి" అన్నారు. నాకు 56 ఏళ్లు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎవరూ కట్టుకోమనలేదు, వాటంతటవే ముడుచుకున్నాయి. కూర్చోమనే దాకా ఇరవై నిమిషాలు.

మర్నాడు నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. బడికి వెళ్లగానే పదో తరగతి చెప్పే టీచర్లని నిలబెట్టి అవే మాటలు అన్నాను. వాళ్లు వెళ్లి పిల్లల్ని నిలబెట్టారు. మధ్యాహ్నానికి జాబితా గోడ మీదుంది.

పోనీ మా జిల్లాలోనే ఇలా అనుకుందామా? 2025 పదో తరగతి ఫలితాల ప్రకటన గుర్తు చేసుకోండి. రాష్ట్రానికి 81.14 శాతం, పార్వతీపురం మన్యం 93.90తో మొదటి స్థానం, అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో చివరి స్థానం. నూరు శాతం బడులు 1,680, సున్నా వచ్చినవి 19. అల్లూరి జిల్లా కొండల మీది బడులకి చివరి స్థానమని చెప్పినందువల్ల ఏం ఒరిగిందో చెప్పండి. పదో తరగతి ర్యాంకులు ప్రకటనల్లో వేసుకునే బడులకి 3 నుంచి 7 ఏళ్ల జైలు, లక్ష దాకా జరిమానా అని 2022లో జీవో ఇచ్చింది ఈ రాష్ట్రమే. పేపర్లో వేసుకుంటే నేరమైనది స్క్రీన్ మీద వేస్తే సమీక్ష ఎలా అవుతుంది సార్?

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు భయం, ఆందోళన లేకుండా చదువుకోవాలంటుంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయిన కేసులోనే. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలని విద్యాసంస్థలన్నిటికీ చెప్పింది. 'వీలైనంత వరకు' అన్నారు కాబట్టి మనవాళ్లకి ఇంకా వీలు చిక్కలేదు కాబోలు.

ఫలితాలు అడగొద్దని అనడం లేదు. అడగండి, జీతం తీసుకుంటున్నాం, చెబుతాం. కానీ ఆ రంగుల షీటు తీయించండి. బడిని పక్క బడితో కాకుండా అదే బడి నిరుటి స్థితితో చూడండి. సీ బ్యాచ్ పిల్లలకి ఇంకో పేరు పెట్టి ఊరుకోకండి, ఆ గదులు కలపనివ్వండి. మమ్మల్ని నిలబెట్టకండి సార్. మిమ్మల్ని వేడుకునేది ఇదే. మమ్మల్ని నిలబెట్టినంత కాలం మేం పిల్లల్ని నిలబెడుతూనే ఉంటాం.

ఈ ఉత్తరానికి కూడా 'పరిష్కరించబడింది' అని మెసేజ్ పంపే పనైతే, దయచేసి పంపకండి.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు

తా.క.: ఇది రాస్తుండగానే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సీ బ్యాచ్ పిల్లలు విడిగా కూర్చున్న ఫోటోలు రేపు ఉదయం 9 గంటల్లోపు పెట్టాలట. పెట్టనివాళ్ల పేర్లు ఎరుపులో వేస్తారట.