టార్చి పట్టుకున్న పెద్దాయనకు

అందరికీ నమస్కారం. నిన్న ఆదివారం సికింద్రాబాద్‌లో మా మోడల్ రైళ్ల ప్రదర్శనకి వచ్చినవాళ్లందరికీ థాంక్స్ చెబుదామని రాత్రే కూర్చున్నాను. నాలుగు లైన్లు రాసేసరికి కళ్లు మూతలు పడిపోయాయి. ఇప్పుడు తెల్లవారుజామున లేచి రాస్తున్నాను. చూపుడువేలికి సోల్డరింగ్ ఐరన్ తగిలి బొబ్బ లేచింది. ఆ వేలు ఎత్తిపెట్టి టైప్ చేస్తున్నాను కాబట్టి అక్షరాలు అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

నిన్న జరిగింది తెలియనివాళ్ల కోసం ముందు నుంచి చెప్తాను.

మా బృందంలో ఆరుగురం. ఎవరికి వాళ్లం ఇంట్లో, బాల్కనీలో, మంచం కింద కట్టుకున్న రైళ్లని ఏడాదికోసారైనా ఒక హాల్లో పెట్టి నలుగురికీ చూపించాలని మా ఆశ. నాది ఒక చిన్న స్టేషను. కాజీపేట లైన్లో ఆలేరు, పెంబర్తి, రఘునాథపల్లి లాంటివి ఉంటాయి కదా, అలాంటిది. 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి రైలొచ్చింది, 1889కల్లా అదే లైను బెజవాడ దాకా వెళ్లింది. ఆ దారిలో ఉన్న చిన్న స్టేషన్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. నా స్టేషనుకి మా అమ్మమ్మ ఊరి పేరు పెట్టుకున్నాను. నిజానికి ఆ ఊరికి రైలు ఎప్పుడూ రాలేదు. రెండేళ్లు పట్టింది కట్టడానికి. ప్లాట్‌ఫాం మీద వేపచెట్టు ఎండిన గోరింట రెమ్మలతో చేశాను. పట్టాల కింద కంకర కోసం మా వీధిలో ఇల్లు కడుతున్న చోట ఇసుక అడిగి తెచ్చి టీ జల్లెడలో జల్లించాను. ఇంజను అడుగు భాగం బయట దేశం నుంచి తెప్పించింది, పైన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను రూపం అంతా కార్డ్‌బోర్డుతో నేనే చేశాను. వెనక ఇటుక రంగు బోగీలు ఐదు. స్టేషనుకి అటూ ఇటూ పాత రకం సిగ్నళ్లు, చెయ్యి కిందికి వాలితే రైలు కదిలేవి.

మొత్తం మూడు ప్లైవుడ్ బోర్డులు, ఒక్కోటి నాలుగడుగుల పొడవు. మల్కాజిగిరి నుంచి ఆటో ట్రాలీలో వేసుకుని పొద్దున్నే బయల్దేరాం. దారిలో ఒక గొయ్యి. ట్రాలీ ఎగిరి పడింది. వెనక నుంచి వచ్చిన ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

హాలు రెండో అంతస్తులో. లిఫ్టులో సామాను ఎక్కించకూడదని తాళం వేసి పెట్టారు. పెళ్లి రేటుకి అద్దె కట్టించుకున్నారు, పెళ్లి సామానైతే మాత్రం ఎక్కేదట. మెట్ల మీద మోసుకెళ్లి, బోల్టులు బిగించి, స్విచ్ వేస్తే ఏమీ లేదు. కంట్రోలర్ మీద ఎర్ర లైటు. తీసి మళ్లీ వేశాను. మళ్లీ ఎర్ర లైటే. ఎక్కడో షార్ట్. కింద దూరి చూస్తే మధ్య బోర్డులో రెండు ప్రధాన వైర్లు ఊడి వేలాడుతున్నాయి. టైము ఎనిమిదిన్నర. పదింటికి జనం వస్తారు. చేతులు ఆడలేదు. టేబుల్ కిందే కూర్చుండిపోయాను.

ఆయన వచ్చింది అప్పుడు.

అప్పటికి ఇంకా తలుపులు తెరవలేదు. మనవడు ఆగలేక తాతని ముందే లాక్కొచ్చాడట, వాచ్‌మన్ జాలిపడి పైకి పంపాడు. డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, కళ్లజోడుకి నల్ల దారం. వంగి టేబుల్ కిందికి చూసి, "ఏమైంది బిడ్డా?" అన్నారు. చెప్పాను. "ఎవరు కట్టిండ్రు ఇది?" అన్నారు. నేనే అన్నాను.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ మాట విన్న తర్వాత మా ఆయన వైపు తిరగని మొదటి మనిషి ఆయన. ప్రతి చోటా ఇదే నాకు. దుకాణంలో సోల్డర్ అడిగినా, పాయింటు (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోటు) తిప్పే మోటారు గురించి అడిగినా, జవాబు మాత్రం నా పక్కన నిలబడ్డ మగమనిషికి చెప్తారు. ఈయన తిరగలేదు. చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని, "అయితే నువ్వే చెప్పాలె. కరెంటు ఏడికెళ్లి వస్తది, ఏడికి పోతది?" అన్నారు.

రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా చేసి రిటైర్ అయ్యారట. సర్వీసు చాలా వరకు కాజీపేట లైన్లోనే. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

"మూడింటినీ ఇడగొట్టు. దేనిదది చూద్దాం" అన్నారు. మొదటి బోర్డు నడిచింది. మూడోది నడిచింది. అంటే గొడవంతా మధ్య బోర్డులో. ముందు ఊడిన వైర్లు అతకాలి. ఐరన్ ఆయన చేతికి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "నా చెయ్యి వణుకుతది. నువ్వే పెట్టు, నీ టేషను గద" అని వెల్లకిలా పడుకుని నా సెల్‌ఫోన్ టార్చి పట్టుకున్నారు.

వెలుగు కూడా వణుకుతోంది. ఆయన గమనించారు. పక్కనున్న తన చెప్పులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీద మోచెయ్యి ఆనించారు. వెలుగు నిలబడింది.

నాకు అంతవరకూ ఏడుపు రాలేదు. రెండేళ్ల పని గోతిలో పడ్డప్పుడు రాలేదు, మెట్లెక్కేటప్పుడు రాలేదు. ఆ చెప్పులు చూశాక ఆగలేదు. సోల్డర్ ఎక్కడ పడుతోందో కనపడలేదు, వేలు కాలింది అప్పుడే. ఆయన ఏమీ అడగలేదు. టార్చి కాస్త పక్కకి తిప్పి, నా మొహం మీద వెలుగు పడకుండా పట్టుకుని ఊరుకున్నారు. తర్వాత, "అయింది లే. ఇంకోటి" అన్నారు.

రెండు వైర్లూ అతికాయి. స్విచ్ వేస్తే మళ్లీ ఎర్ర లైటు. అప్పటికి పదీ పది. తాడు అవతల పిల్లలు నిలబడిపోయారు.

ఆయన లేచి, కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని, పట్టాల మీద ఒక్కో అంగుళం చూసుకుంటూ వచ్చారు. చూస్తూనే మనవడికీ నాకూ కలిపి చెప్పారు. అసలు రైలు పట్టాల్లో చిన్న కరెంటు పారుతుంది. బండి వస్తే దాని ఇరుసు రెండు పట్టాలనీ కలిపేస్తుంది, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పడిపోతుంది, సిగ్నల్ ఎర్ర అవుతుంది. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య ఇన్సులేషన్ జాయింటు ఉంటుంది. అక్కడ చక్రాలు నలిపి నలిపి ఇనుప అంచు సాగి రెండో పట్టాని తాకిందంటే, బండి లేకపోయినా బండి ఉన్నట్టే ఎర్ర పడుతుంది. వానాకాలంలో అర్ధరాత్రి పిలుపొస్తే లాంతరు పట్టుకుని నడిచి వెతికేది దానికోసమేనట. "ఖరాబైతే ఎర్రే పడాలె, అది రూలు. తీగ తెగినా సిగ్నల్ చెయ్యి అడ్డంగనే నిలవడాలె. నీ మిషిని మంచిదే బిడ్డా, తప్పుంటే ఎర్ర చూపిస్తున్నది" అన్నారు.

పాయింటు దగ్గర ఆగిపోయారు. "ఇగో. ముద్దు వెట్టుకున్నయి రెండు."

వంగి చూశాను. పాయింటు మధ్యలో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట, కరెంటు కలవకుండా నేను వదిలిన సందు. వెంట్రుకంత సందు. బోర్డు ఎగిరి పడ్డప్పుడు పట్టా జరిగి అది మూసుకుపోయింది, రెండు పట్టా ముక్కల్నీ పట్టి ఉంచే ప్లాస్టిక్ జాయినర్ నలిగింది. నూటికి నూరుపాళ్లు ఆయన చెప్పిన ఇన్సులేషన్ జాయింటే, నా మోడల్ కొలత ప్రకారం 87 రెట్లు చిన్నది.

నా దగ్గర ఇంకో పాయింటు లేదు. ఈ మాట ఇక్కడే చెప్పాలి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు, 2023లో 70 చేశారు. స్కేల్ మోడళ్లు కూడా ఆ బొమ్మల పద్దులోనే. మన దగ్గర బొమ్మల తయారీ పెరగాలి, నేను కాదనను. కానీ నాకు కావలసిన పాయింటు ఊరంతా తిరిగినా దొరకలేదు, బయటి నుంచి తెప్పించుకోక తప్పలేదు. పార్సిల్ మూడు వారాలు ఎక్కడ ఆగిందో అడిగితే చెప్పే దిక్కు లేదు. వచ్చాక సుంకం, దాని మీద పన్ను, దాని మీద ఛార్జీలు. ఒక స్పేర్ తెచ్చిపెట్టుకునే స్తోమత నాలాంటి జీతగాళ్లకి ఉండదు. ఇంజనీరింగ్ చదవాలి, సైన్సు నేర్చుకోవాలి అని పిల్లలకి రోజూ చెప్తాం. వాళ్ల చేతికి రిలే అంటే ఏమిటో, షార్ట్ అంటే ఏమిటో అందించే వస్తువుని మాత్రం విలాసం కింద కడతాం. ఇది న్యాయం కాదు. సంబంధించినవాళ్లు ఎవరైనా చదివితే దయచేసి ఆలోచించండి.

సరే. ఆయన జేబులోంచి గడువు తీరిన ఏటీఎం కార్డు తీశారు. కత్తెరతో మూల కత్తిరించి, గోరులో సగమంత ముక్క చేశారు. సగం బ్లేడుతో ఆ సందుని నేను మళ్లీ తెరిచాను, ముక్క అందులో నిలబెట్టాను. చుక్క జిగురు. "ఆగు, ఆరనియ్యి" అని నా చెయ్యి పట్టుకుని ఆపారు.

పదకొండూ నలభైకి స్విచ్ వేశాను. పచ్చ లైటు వచ్చింది. సిగ్నల్ చెయ్యి వాలింది. నా డబ్ల్యూడీఎం-2 ఐదు బోగీలు లాక్కుంటూ మా అమ్మమ్మ ఊరు దాటింది.

ఆ తర్వాత రోజంతా పండగే. పక్క టేబుల్ మీద మా తమ్ముడి కాచిగూడ స్టేషను, 1916 నాటి ఆ గుమ్మటాలన్నీ అట్టతో, దాని ముందు మీటర్‌గేజ్ వైపీ ఆవిరింజను. అటుపక్క ఇంటర్ పిల్ల చేసిన మెట్రో. "మెట్రో ఒక్కటే కొలతకి సరిగ్గా ఉంటుంది అక్కా" అని అందరికీ చెప్పింది పాపం, గొంతు పోయేదాకా. నిజమే, మా రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది 87 రెట్లు పెరిగితే 1435 అవుతుంది, మెట్రో గేజ్ (పట్టాల మధ్య దూరం) అదే. మన పెద్ద రైలుది 1676. దానికి 19 మిల్లీమీటర్లు దాటాలి. పెద్దాయన చూడగానే పట్టేశారు, "బిడ్డా, పట్టా జర సన్నగున్నదేంది?" అని. కారణం చెప్తే తలూపారు.

ఆయన సాయంత్రం దాకా ఉన్నారు. వచ్చిన పిల్లలకి సిగ్నల్ ఎందుకు వాలుతుందో ఆయనే చెప్పారు. ఎవరైనా "మీరు చేశారా?" అంటే ప్రతిసారీ నా వైపు చెయ్యి చూపించారు. వెళ్లేముందు నన్ను పక్కకి పిలిచి, ఎవరూ వినకుండా, "స్టార్టర్ సిగ్నల్ కుడి పక్క వెట్టినవ్. ఎడమకు ఉండాలె. జనం ముందల చెప్పద్దని ఊకున్న" అన్నారు. స్టార్టర్ అంటే స్టేషను నుంచి బండి బయల్దేరడానికి ఇచ్చే సిగ్నల్. పొద్దున్నించీ చూస్తూనే ఉన్నారు, ఒక్క మాట అనలేదు.

అంకుల్, మీరు ఫేస్‌బుక్ చూడరని మీ మనవడు చెప్పాడు. వాడే చదివి వినిపిస్తానన్నాడు. మీకు ఏమిచ్చినా తక్కువే. మీ కార్డు ముక్క అక్కడే ఉంటుంది, కొత్త పాయింటు వచ్చినా మార్చను.

మా ఆయన బోర్డులన్నీ మోశాడు, అత్తమ్మ పిల్లల్ని చూసుకుంది. వాళ్లకి ఇంట్లో చెప్పుకుంటాను.

అయ్యో, వాచ్‌మన్ అన్నని మర్చిపోయాను. ఆయన తాతనీ మనవడినీ ముందే పైకి పంపకపోతే ఏమయ్యేదో. రెండు సార్లు టీ కూడా తెచ్చిచ్చాడు.

ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతకడానికి రాసేది) డబ్బా ఇచ్చి తిరిగి అడగని ఎన్ స్కేల్ (మాకంటే చిన్న కొలత రైళ్ల) తమ్ముడూ, అది నా బ్యాగులోనే ఉంది, తెచ్చిస్తాను.

పులిహోర తెచ్చిన ఆంటీ ఎవరో తెలియదు. డబ్బా మా దగ్గర ఉండిపోయింది, పచ్చ మూత.

స్టేషను బోర్డు మీద ఉర్దూ రాసిచ్చిన మా ఆఫీసు భాయ్‌కి కూడా. తప్పులేమైనా ఉంటే అవి నేను చూసి దిద్దేటప్పుడు చేసినవి.

ట్రాలీ నడిపిన పిల్లాడు తప్పంతా తనదేనని సగం కిరాయే తీసుకున్నాడు. గొయ్యి నువ్వు తవ్వలేదు తమ్ముడూ. మిగతా డబ్బులు ఈ రోజు నీ నంబరుకి పంపిస్తాను.

ఇప్పుడే వెళ్లి చూశాను. స్టార్టర్ పీకి ఎడమ పక్క పెట్టాను. ప్లాట్‌ఫాం అంచు కొంచెం కోయాల్సి వచ్చింది. జిగురు ఇంకా ఆరలేదు.