పిస్తా ఐస్‌క్రీమ్ అంత పచ్చగా ఉండదండీ

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఇటలీలో, టురిన్ ఊళ్లో చదువుకుంటోంది. ఈ వేసవిలో నేనూ మా వారూ వెళ్లి రెండు వారాలు తన దగ్గరే ఉండి వచ్చాం. అక్కడ జెలాటో అంటారు, వాళ్ల ఐస్‌క్రీమ్. వెళ్లిన మూడో రోజే కరిన్యానో చౌక్‌లోని పెపీనో అనే కెఫేకి తీసుకెళ్లింది. 1884లో నేపుల్స్ నుంచి వచ్చిన ఒకాయన మొదలుపెట్టిన వ్యాపారమట. ఆ చౌక్‌లోనే ఎర్ర ఇటుకల పాత రాజభవనం ఉంది, 1861లో ఇటలీ మొదటి పార్లమెంటు సమావేశమైంది ఆ ఆవరణలోనే.

ముందు పింగ్వినో తిన్నాం. పుల్లకి గుచ్చిన ఐస్‌క్రీమ్, పైన గట్టి చాక్లెట్ పూత, 1939లోనే పేటెంట్ తీసుకున్నారు దానికి. పుల్ల ఐస్ బండి గంట వినపడితే పరుగెత్తిన తరం మాది, అందుకే అది చేతిలోకి రాగానే ఎంత సంతోషమేసిందో! తర్వాత జాండూయా తెప్పించింది. నెపోలియన్ కాలంలో సముద్ర వ్యాపారం ఆగి కోకో దొరక్కపోతే, చుట్టుపక్కల కొండల్లో పండే హేజెల్‌నట్లు నూరి చాక్లెట్‌లో కలిపారని, ఆ రుచి అలా పుట్టిందని చెబుతారు.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది మాత్రం పిస్తా గురించి. మన దగ్గర పిస్తా అంటే చిలకపచ్చ కదా, అక్కడ మంచి షాపుల్లో బూడిదరంగు కలిసిన మాసిన ఆకుపచ్చ, ఎందుకంటే వేయించిన పిస్తాపప్పు నూరితే వచ్చే రంగు అదే. అరటిపండుది కూడా పసుపు కాదు, తెల్లగా కాస్త మబ్బుగా ఉంటుంది. పాలు ఎక్కువ, క్రీమ్ తక్కువ, గాలి తక్కువ, మరీ గడ్డకట్టించరు కాబట్టి నాలుకకి రుచి వెంటనే తెలుస్తుంది. రంగురంగులుగా గుట్టలు పోసి పెట్టిన షాపు కనిపిస్తే లోపలికి వెళ్లొద్దమ్మా అని మా అమ్మాయి ముందే చెప్పింది. ఏ రుచిలో ఏమేం వేశారో కౌంటర్ దగ్గర రాసి ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు.

మనకీ రూల్ లేకపోలేదు. పాల కొవ్వు బదులు నూనె వాడితే దాన్ని ఐస్‌క్రీమ్ అనకూడదు, ఫ్రోజెన్ డెసర్ట్ అని రాయాలి. డబ్బా కొంటే ఆ మాట కనపడుతుంది, సరే. పార్లర్‌లో స్కూప్ తీసి కప్పులో పెట్టిస్తే ఎలా తెలుస్తుంది? పిల్లలు తినే వస్తువు కదా, నూనె వేశారో పాలే వేశారో, రంగు కలిపారో లేదో ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి పెట్టమని అధికారులు గట్టిగా చెప్పాలి. మన దగ్గర సీతాఫలం, సపోటా, తాటిముంజెలు ఉండగా ఆ ఎసెన్సులు ఎందుకో నాకు అర్థం కాదు.

ఊరొచ్చాక మా వీధి చివర పార్లర్ అబ్బాయిని అడిగాను. "రంగు లేకపోతే ఎవరూ కొనరు మేడమ్" అన్నాడు. ఒకసారి రంగు లేకుండా చేసి చూడు బాబూ, మొదటి కప్పు నేను కొంటాను అని చెప్పి వచ్చాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ