మీ చైన్‌సా ట్యాంకు మూత ఒక లెక్క చెబుతుంది, మీ పుస్తకం ఇంకో లెక్క

కస్టమర్ కేర్ వారికి, వారంటీ కాగితాల మీద సంతకం పెట్టే పెద్దసారుకు కూడా,

నమస్కారం. మీకు ఇది నా నాలుగో మెయిల్. ముందు మూడింటికీ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని అక్షరం మారకుండా ఒకే వాక్యంతో మొదలుపెట్టి జవాబులు పంపారు, పని మాత్రం కాలేదు. మీ దగ్గర కొన్న పెట్రోలు చైన్‌సా (కట్టెలు కోసే గొలుసు రంపం) అయిదో ట్యాంకుకే బిగుసుకుపోయింది, వారంటీ వర్తించదన్నారు. అందుకని ఈసారి మొదటినుంచీ రాస్తున్నా. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి, మీరు చదవకపోతే ఇదే కాగితాన్ని రేపు ఇంకొకరు చదువుతారు.

మాది చిత్తూరు జిల్లా, బంగారుపాళెం పక్కన పల్లె. ఇంట్లో గ్యాస్ ఉంది, లేదనను. కానీ పొద్దున ఐదుగురికి స్నానాల నీళ్ళు, రాత్రికి సంగటి, ఆవులకు ఉలవలు ఉడకేయడం, ఇవన్నీ కట్టెల పొయ్యి మీదే. గ్యాస్ మీద చేసిన సంగటి మా అవ్వ నోట పెట్టదు. నిరుడు గాలివానకు మా తోపులో ముసలి మామిడి చెట్లు రెండు వేళ్ళతో సహా పడిపోయాయి, గట్టు మీద చింతచెట్టుది ఒక పెద్ద కొమ్మ విరిగింది. ఏడాదికి సరిపడా వంటచెరకు కళ్ళెదురుగా పడి ఉంది, దాన్ని అడుగు ముక్కలుగా కోసుకుంటే చాలు, చీల్చుకోవడానికి గొడ్డలి ఎట్లాగూ ఉంది. మిషను పెట్టి కోసే అతన్ని పిలిస్తే పెట్రోలు మనమే పోయాలి, గంటకు 500 అన్నాడు, అది కూడా వారం తర్వాత వస్తానన్నాడు. ప్రతి ఏడూ ఏదో ఒక చెట్టు పడుతూనే ఉంటుంది కదా, మనమే ఒకటి కొనుక్కుంటే పోలా అనుకున్నా.

బొమ్మ చూసి మోజుపడి కొన్నవాణ్ణి కాదు నేను, ఏది కొనాలో తేల్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. ముందు కరెంటుది తీసుకుందామనుకున్నా, దానికి పొగ లేదు, ఆయిల్ కలిపే పని లేదు, తాడు లాగే పని లేదు. కానీ రెండు వేల వాట్ల మిషను 230 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, ఇంటినుంచి తోపు దాకా సన్న వైరు ఈడిస్తే చివర్లో వోల్టేజీ పడిపోయి మోటారు కాలుతుందని మా బావ అడ్డం పడ్డాడు, ఆయన బోరు మోటార్లు చుట్టే మనిషి, ఆయన మాట తీసేయలేను. బ్యాటరీది బాగుందిగానీ ఇంకో బ్యాటరీ కూడా కొనాలంటే మన చేతిలో అయ్యే పని కాదు. పేరున్న కంపెనీ పెట్రోలు మిషను చిత్తూరు షాపులో 18 వేలు చెప్పారు. మీది 6,490, "ఇంటి కట్టెలకు నమ్మకమైన మిషను, 58 సీసీ, 22 ఇంచీల బార్, ఆరు నెలల వారంటీ" అని పెద్ద అక్షరాలతో రాశారు. బార్ అంటే చైను చుట్టూ తిరిగే ఆ పొడుగు పట్టీ.

మీకు 6,490 చిన్న డబ్బే కావచ్చు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అని ప్రకటించారు. ఆ 8 రూపాయల లెక్కన మీ మిషను ఎనిమిది క్వింటాళ్ళ కాయ. కోసి, కూలీలకిచ్చి, ట్రాక్టరుకెత్తి, ఎండలో క్యూలో నిలబెట్టిన ఎనిమిది క్వింటాళ్ళు.

సరే, సంక్రాంతి అయ్యాక మిషను వచ్చింది. మొదటి రోజే ఒక తిరకాసు. మీ వెబ్‌సైట్‌లో పెట్రోలుకు టూటీ ఆయిల్ (ఇంజను లోపల అరిగిపోకుండా పెట్రోలులోనే కలిపే ఆయిల్) 50:1 కలపాలని ఉంది, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో 40:1 అని ఉంది, అంటే 25. రెండూ పొసగడం లేదని అదే రోజు మీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశా. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, లైన్లో ఉండమని ఎవరినో అడిగి వచ్చి "సార్, వెబ్‌సైట్‌లో ఉన్నదే కరెక్టు, లీటరుకు 20" అని చెప్పింది. ఈ కాల్ రికార్డు అవుతోందని మొదట్లో మీరే చెప్పారు కాబట్టి ఆ రికార్డు మీ దగ్గరే ఉంటుంది, తీసి వినండి. ఆ మాట మీదే మా అమ్మాయి మందుసీసాకు వచ్చిన కొలత మూతతో లెక్కగా 20 పోసి కలిపా. బంకులో దొరికే మామూలు టూటీ ఆయిలే వాడా, ఫలానా రకమే వాడాలని మీరు ఎక్కడా రాయలేదు.

రెండో తిరకాసు చైను ఆయిల్. కోసేటప్పుడు బార్ మీదికి ఆయిల్ తనంతట తనే రావాలి కదా. పెట్రోలు ట్యాంకు ఒకటి అయ్యేసరికి ఆ ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి, అదే లెక్క. నాకు రెండు ట్యాంకుల పెట్రోలు అయినా ఆయిల్ పోసింది పోసినట్టే ఉంది. బార్ చివర తెల్ల సిమెంటు సంచి మీదికి చూపించి రేస్ చేస్తే చైను మీదినుంచి ఆయిల్ గీతలా చిమ్మాలట, నా సంచి మీద ఒక్క చుక్క పడలేదు. బార్ విప్పి ఆయిల్ బొక్కలో పొట్టు పట్టిందేమోనని సన్న తీగతో గెలికా, శుభ్రంగానే ఉంది, పంపే తిరగడం లేదు. అప్పటికే బార్ అంచు కాలి నీలం రంగుకు తిరిగింది. దాని మీదే నేను మీకు మొదటి మెయిల్ పెట్టింది, ఫోటోలతో సహా. మీరు పంపిన జవాబు: చైను బిగుతు సరిచూసుకోండి. చైను బిగుతు నాకు తెలుసు సార్. కింద వేలాడకూడదు, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. నేను అడిగింది ఆయిల్ గురించి. ఇక ఏం చేయాలి, నాలుగు కోతలకోసారి ఆపి, నూనెడబ్బాతో చైను మీద చేత్తో పోసుకుంటూ కోశా, మా జేబులోంచి పెట్టి కొన్న నూనెతో.

మూడోది బార్ కొలత. 22 ఇంచీలు అన్నారు. చింతమొద్దు కోస్తే పళ్ళు మొండిబారాయి, చింత అంతే, అందులో మీ తప్పు లేదు, ఆకురాయి పట్టుకుని రాస్తే సరిపోతుంది. కానీ ఇంకో చైను ఉంటే మంచిదని మీ దగ్గరే "22 ఇంచీలకు" అని రాసి ఉన్నది 650 పెట్టి తెప్పించా. తొడిగితే ఆవు మెడలో పలుపుతాడులా వేలాడింది. రెండూ నేల మీద పరిచి లోపలి లింకులు లెక్కపెట్టా. మిషనుతో వచ్చినదానికి 76, కొత్తదానికి 86. అంటే మీరు 22 అని చెప్పి ఇచ్చింది 20 ఇంచీల బార్. ఇంటి కట్టెలకు 18 ఇంచీలైనా ఎక్కువే, పొడుగు బార్ నాకు అక్కర్లేదు కూడా, కానీ అమ్మేవాడికే తన సరుకు కొలత తెలియకపోతే ఎట్లా? చైను వాపసు తీసుకోమంటే ప్యాకెట్ విప్పారు కాబట్టి కుదరదన్నారు. విప్పకుండా ఎట్లా తొడిగి చూడాలో మీరే చెప్పండి.

ఒక మంచి మాట కూడా రాస్తా, లేకపోతే అన్యాయం అవుతుంది. ఒకసారి బార్ కొస వెనకనున్న ఇంకో దుంగకు తగిలి మిషను ఒక్కసారిగా మొహం మీదికి ఎగిరింది. చేతి ముందున్న గార్డు ముందుకు పడి చైను టక్కున ఆగింది. ఆ బ్రేకు లేకపోతే ఈ మెయిల్ రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో. ఆ ఒక్క పని బాగా చేశారు.

అయిదో ట్యాంకులో, మామిడి బోదె సగం కోశాక, ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. తాడు లాగితే రాదు. చిత్తూరులో ఇద్దరికి చూపిస్తే ఈ కంపెనీ సామాన్లు దొరకవు, విప్పం అన్నారు. తిరుపతిలో స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడంటే పెట్రోలు వంచేసి, సంచిలో పెట్టుకుని బస్సెక్కా. సంచిలోంచి బార్ తొంగిచూస్తోంది. ఎర్రచందనం శేషాచలం కొండల కింద, రంపం పట్టుకుని తిరుపతి బస్సెక్కినవాణ్ణి జనం ఎట్లా చూస్తారో మీకు అక్కడ కూర్చుంటే తెలియదు. కండక్టరు అయితే టిక్కెట్టు కొడుతూ "ఏం సామీ, కొండకేనా?" అని నవ్వాడు. దారి పొడుగునా నాకు టెన్షనే.

ఆ మెకానిక్ సైలెన్సర్ విప్పి, ఆ సందులోంచి టార్చి వేసి పిస్టన్ చూపించాడు. నిలువునా గీతలు, పిల్లి గోళ్ళతో రక్కినట్టు. "ఆయిల్ చాల్లేదు సార్, ఎంత కలిపారు?" అన్నాడు. 20 అని చెప్పా. ఆయన ఏమీ మాట్లాడకుండా పెట్రోలు ట్యాంకు మూత విప్పి వెలుతురుకు పెట్టి తిప్పాడు. నల్ల ప్లాస్టిక్ మీద నల్ల అక్షరాలు, ఆవగింజంత, 25:1. అంటే లీటరుకు 40. నేను పోసినదానికి సరిగ్గా రెండింతలు.

మిషను చూడకుండానే, మెకానిక్ రాసిచ్చిన చీటీ, ఫోటోలు చూసి మీరు పంపిన జవాబు నా దగ్గర ఉంది: "ఆయిల్ తప్పుగా కలపడం వల్ల జరిగిన నష్టం, వారంటీ వర్తించదు." దాని కింద ఇంకో వాక్యం, ఇథనాల్ ఉన్న పెట్రోలు వాడటం కూడా కారణం కావచ్చు అని. అయ్యా, ఇప్పుడు ఈ దేశంలో బంకుల్లో దొరికేదే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానితో నడవని మిషను అయితే ఆ మాట అమ్మేటప్పుడు రాయాలి, పాడయ్యాక కాదు. ఇక తప్పుగా కలిపానంటున్నారు కదా, తప్పు అనాలంటే ఒప్పు ఒకటి ఉండాలి. మీకు మూడు ఉన్నాయి. వెబ్‌సైట్‌ది 20, పుస్తకంది 25, మూతది 40. నేను అనుమానం వచ్చి, ఫోన్ చేసి, మీ మనిషి చెప్పింది చెప్పినట్టు చేశా. ఇంకెవరిని అడగాలి, కాణిపాకం వినాయకుణ్ణా? ఆయన ముందు ప్రమాణం చేయమంటే నేను చేస్తా, మీ తరఫున ఎవరొస్తారో చెప్పండి.

నాకు కావాల్సింది ఇది. సిలిండరు, పిస్టన్, ఆయిల్ పంపు మీ ఖర్చుతో మార్చి, కాలిపోయిన బార్‌కు బదులు కొత్తది ఇవ్వండి. అది చేతకాకపోతే 6,490, పనికిరాని చైనుకు 650, మొత్తం 7,140 వెనక్కి వేయండి. బస్సు ఛార్జీలు, మెకానిక్ 300 నేను అడగడం లేదు. సర్వీస్ సెంటరు ఢిల్లీలో ఉంది, కొరియర్ మీరే పెట్టుకోండి అని ఫోన్లో అన్నారు, అది మాత్రం కుదరదు. అట్లాగే వెబ్‌సైట్‌లో ఆ 50:1 ఈరోజే తీసేయండి, నాలాగా ఇంకెవరో దాన్ని చూసి ఈపాటికి కలుపుతుంటారు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నా మొదటి మెయిల్‌కు ఆ నెల దాటిపోయింది. ఈ మెయిల్ పంపిన పదిహేను రోజులకు కూడా సరైన జవాబు రాకపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తా, ఆ తర్వాత చిత్తూరు కన్జ్యూమర్ కమిషన్‌కు పోతా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేనున్న చోటే కేసు వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. అప్పుడు ఢిల్లీ నుంచి చిత్తూరుకు మీరే రావాల్సి ఉంటుంది, కొరియర్ ఖర్చు ఎంత తక్కువో అప్పుడు తెలుస్తుంది.

బిల్లు, మూడు లెక్కల ఫోటోలు, సిమెంటు సంచి వీడియో, మెకానిక్ చీటీ దీనితో జత చేశా. మిషను మా వసారాలో గోనెసంచి కింద ఉంది, మీ మనిషి ఎప్పుడొచ్చినా చూపిస్తా. సగం కోసిన మామిడి బోదె కూడా తోపులో అట్లాగే ఉంది.

ఇట్లు,
మీ మిషను కొని మళ్ళీ గొడ్డలి పట్టుకున్న కస్టమరు,
బంగారుపాళెం మండలం, చిత్తూరు జిల్లా